బౌన్స్ రేటును ఎలా చదవాలి, ఎక్కడ సరిదిద్దాలి

వెబ్‌సైటు నడిపేవారిని ఎక్కువగా కలవరపెట్టే అంకెల్లో బౌన్స్ రేటు, అంటే సైటుకు వచ్చి మరేమీ చేయకుండానే వెళ్లిపోయిన సందర్శనల శాతం, ఒకటి. సందర్శనల లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్ తెరవగానే 60 శాతమో 70 శాతమో కనిపిస్తే, వచ్చినవాళ్లలో చాలామందికి మన సైటు నచ్చలేదు కాబోలు అన్న బెంగ దానంతటదే మొదలవుతుంది. ఆ బెంగలో సైటు రూపం మొత్తం మార్చేసేవారున్నారు, ఒక్క పేజీలో హాయిగా సరిపోయే వ్యాసాన్ని ఆరు పేజీలకు సాగదీసేవారున్నారు. నిజానికి బౌన్స్ రేటు పాఠకుడి ఇష్టాయిష్టాల గురించి నేరుగా ఏమీ చెప్పదు. ఒక సెషన్‌లో, అంటే ఒక మనిషి సైటులోకి వచ్చి వెళ్లిపోయేదాకా సాగిన ఆ కొద్దిసేపట్లో, ముందుగా నిర్ణయించిన కొన్ని పనులు జరిగాయా లేదా అన్నది మాత్రమే అది లెక్కగడుతుంది. ఆ పనులేమిటో, వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో, అసలు ఆ పేజీ ఎందుకుందో చూడకుండా అంకెను తగ్గించడానికి కూర్చుంటే, పేజీ బాగుపడకుండానే అంకె తగ్గిపోయే అవకాశం చాలా ఉంది.

అందుకే ముందు లెక్క సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే మరమ్మతు సంగతికి వెళ్దాం.

ఒకే పేరు, రెండు లెక్కలు

గూగుల్ 2005 ఏప్రిల్‌లో అర్చిన్ అనే సంస్థను కొని, అదే ఏడాది నవంబరులో గూగుల్ అనలిటిక్స్‌ను ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. అప్పటి నుంచి, 2023 దాకా నడిచిన యూనివర్సల్ అనలిటిక్స్ అనే పాత వెర్షన్ దాకా బౌన్స్‌కు ఉన్న అర్థం ఒక్కటే: సెషన్ మొత్తంలో గూగుల్ సర్వరుకు ఒకే ఒక్క సంకేతం వెళ్లి, ఆ తర్వాత మరేదీ వెళ్లకపోతే ఆ సెషన్ బౌన్స్. మామూలుగా చెప్పాలంటే, ఒక పేజీ చూసి, ఇంకో పేజీకి వెళ్లకుండా సైటు వదిలేయడం. అలాంటి సెషన్లను మొత్తం సెషన్లతో భాగిస్తే వచ్చేదే బౌన్స్ రేటు.

ఈ లెక్కలో ఒక పెద్ద లోపం ఉండేది. పాఠకుడు ఎంతసేపు ఉన్నాడన్నది రెండు సంకేతాల మధ్య ఉన్న వ్యవధిని బట్టి కట్టేవారు. రెండో సంకేతమే లేనప్పుడు వ్యవధి సున్నా. సెర్చ్‌లో నుంచి వచ్చి, వ్యాసాన్ని ఎనిమిది నిమిషాలపాటు చివరి వాక్యం దాకా చదివి, తృప్తిగా ట్యాబ్ మూసేసిన మనిషీ, పొరపాటున నొక్కి తక్షణమే వెనక్కి వెళ్లిపోయిన మనిషీ ఆ నివేదికలో ఒకే గాటన పడేవారు. ఇద్దరిదీ బౌన్సే, ఇద్దరి వ్యవధీ సున్నా సెకన్లే. వ్యాసాలు ప్రచురించే సైట్లకు దీనివల్ల ఎక్కువ అన్యాయం జరిగింది, ఎందుకంటే ఒక మంచి వ్యాసం చదివాక పాఠకుడు వెళ్లిపోవడమే సహజం.

గూగుల్ అనలిటిక్స్ 4 ను, వాడుకలో చెప్పుకునే జీఏ4 ను, 2020 అక్టోబరులో ప్రవేశపెట్టినప్పుడు గూగుల్ ఈ కొలతను పూర్తిగా తీసేసింది. దాని బదులు ‘ఎంగేజ్డ్ సెషన్’ అన్న భావనను తెచ్చింది. సెషన్ 10 సెకన్లకు మించి సాగినా, రెండు లేక అంతకంటే ఎక్కువ పేజీలు చూసినా, సైటు యజమాని ముఖ్యమని గుర్తు పెట్టుకున్న పని ఏదైనా జరిగినా అది ఎంగేజ్డ్ సెషన్. ఈ మూడింటిలో ఒక్కటి జరిగినా చాలు. ముఖ్యమైన పనిని మొదట కన్వర్షన్ అనేవారు, 2024 మార్చి నుంచి కీ ఈవెంట్ అంటున్నారు. బౌన్స్ రేటు కావాలని వాడేవారు పట్టుబట్టడంతో 2022 జులైలో అదే పేరుతో ఒక కొలతను తిరిగి చేర్చారు గానీ, దాని అర్థం మాత్రం పాతది కాదు: నూరు శాతంలో నుంచి ఎంగేజ్డ్ సెషన్ల శాతాన్ని తీసేయగా మిగిలినదే ఇప్పటి బౌన్స్ రేటు. 2023 జులై 1 నుంచి యూనివర్సల్ అనలిటిక్స్ మామూలు ఖాతాలకు కొత్త డేటా తీసుకోవడం ఆగిపోయింది కాబట్టి, ఇవాళ గూగుల్ నివేదికలో కనిపించేది ఈ కొత్త లెక్కే.

దీని పర్యవసానం చిన్నది కాదు. 2022 నాటి నివేదికలో 78 శాతం, 2024 నాటి నివేదికలో 45 శాతం చూసి, రెండేళ్లలో సైటు ఇంత మెరుగుపడిందని యజమానికి చెప్పిన సంస్థ ఏదైనా ఉంటే, ఆ సంస్థ రెండు వేర్వేరు తూనికలతో తూచిన రెండు బరువులను పోల్చినట్టే. పైగా ఆ 10 సెకన్ల హద్దు కూడా స్థిరమైనది కాదు. ట్యాగ్ (లెక్క కోసం పేజీలో పెట్టే చిన్న కోడ్) సెట్టింగులలోకి వెళ్లి దాన్ని 60 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. 10 సెకన్ల హద్దుతో ఉన్న సైటునూ 30 సెకన్ల హద్దుతో ఉన్న సైటునూ పోల్చడంలో అర్థం లేదు. గూగుల్ బదులు మటోమో వంటి ఓపెన్ సోర్స్ పరికరం వాడేవారికైతే ఇప్పటికీ ఒకే పేజీ చూసి వెళ్లడమే బౌన్స్. ‘మా రంగంలో సగటు బౌన్స్ రేటు ఇంత’ అని తిరిగే పట్టికలను నేను నమ్మకపోవడానికి ఇదే మొదటి కారణం. ఏ పరికరంతో, ఏ హద్దుతో, ఏ ఏడాది లెక్కో చెప్పని సగటు ఎవరికీ ఉపయోగపడదు.

ఎగ్జిట్ రేటుతో తికమక

బౌన్స్ రేటునూ ఎగ్జిట్ రేటునూ చాలామంది ఒకదానికొకటి వాడేస్తుంటారు. ఒక పేజీని చూసిన మొత్తం సార్లలో ఎన్నిసార్లు అక్కడి నుంచే సైటు వదిలి వెళ్లారన్నది ఎగ్జిట్ రేటు. మూడు సెషన్లు తీసుకుందాం. మొదటి పాఠకుడు వంటల పేజీ, తర్వాత పచ్చళ్ల పేజీ, తర్వాత సంప్రదింపుల పేజీ చూసి వెళ్లాడు. రెండో పాఠకుడు పచ్చళ్ల పేజీలో దిగి, వంటల పేజీకి వెళ్లి, అక్కడి నుంచి బయటపడ్డాడు. మూడో పాఠకుడు వంటల పేజీలో దిగి, అక్కడి నుంచే వెళ్లిపోయాడు. పాత నిర్వచనం ప్రకారం వంటల పేజీలో మొదలైన సెషన్లు రెండు, వాటిలో అక్కడే ముగిసినది ఒకటి; కాబట్టి ఆ పేజీ బౌన్స్ రేటు 50 శాతం. అదే పేజీని మొత్తం మూడుసార్లు చూశారు, రెండుసార్లు అక్కడి నుంచి బయటికి వెళ్లారు. కాబట్టి ఎగ్జిట్ రేటు సుమారు 67 శాతం. సంప్రదింపుల పేజీలో ఏ సెషనూ మొదలుకాలేదు కనుక దానికి బౌన్స్ రేటన్న మాటే లేదు, ఎగ్జిట్ రేటు మాత్రం 100 శాతం. ఫోన్ నంబరు రాసుకున్నాక మనిషి వెళ్లిపోతే అందులో తప్పేముంది?

ఫలితాల రోజు

కొత్త లెక్క పాత అన్యాయాన్ని చాలావరకు సరిచేసింది. అయితే దానికీ తన గుడ్డిమచ్చ ఉంది, అది మన తెలుగు వార్తల సైట్లలో పదో తరగతి ఫలితాలు వెలువడే రోజున కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఆ రోజు లక్షలమంది విద్యార్థులూ తల్లిదండ్రులూ ఫోనులో ఫలితాల కోసం వెతుకుతారు. వాళ్లకు కావలసింది ఒక్కటే: హాల్ టికెట్ నంబరు కొట్టే పేజీ ఎక్కడుందో చెప్పే లింకు. ఇప్పుడు రెండు సైట్లను ఊహించుకోండి. మొదటి సైటు శీర్షిక కిందే, వేలు చాపితే అందేచోట, ప్రభుత్వ ఫలితాల పేజీకి లింకు ఇచ్చింది. విద్యార్థి వచ్చాడు, నాలుగు సెకన్లలో లింకు నొక్కాడు, వెళ్లిపోయాడు. రెండో సైటు మొదట గత ఏడాది ఉత్తీర్ణత శాతం, ఆ తర్వాత విద్యాశాఖ ప్రకటన, మధ్యలో మూడు ప్రకటనలు, ఒక వీడియో, చివర ఎక్కడో లింకు పెట్టింది. విద్యార్థి ముప్పై సెకన్లు పైకీ కిందకీ జరిపి, విసిగి, లింకు దొరక్కుండానే వెనక్కి వెళ్లిపోయాడు.

జీఏ4 మామూలు అమరికలో మొదటి సెషన్ బౌన్స్, రెండోది ఎంగేజ్డ్. బయటి లింకు నొక్కిన సంగతి ఈవెంటుగా నమోదవుతుంది, కానీ దాన్ని కీ ఈవెంటుగా ఎవరూ గుర్తు పెట్టలేదు కనుక లెక్కలోకి రాదు. 10 సెకన్లు గడవలేదు, రెండో పేజీ లేదు. పాఠకుడికి పని చేసిపెట్టిన పేజీ నివేదికలో ఓడిపోయింది, సతాయించిన పేజీ గెలిచింది. ఆ నివేదికను చూసి సంపాదకుడు వచ్చే ఏడాదికి లింకును ఇంకా కిందికి జరపమంటే, ఆ నిర్ణయానికి బలయ్యేది పరీక్ష రాసిన పిల్లలు.

ఇక్కడ సరిదిద్దాల్సింది పేజీని కాదు, కొలతను. ఆ ఫలితాల సైటుకు వెళ్లే లింకు నొక్కడాన్ని విడిగా ఒక ఈవెంటుగా నిర్వచించి, దాన్ని కీ ఈవెంటుగా గుర్తు పెడితే, నాలుగు సెకన్ల సెషన్ కూడా ఎంగేజ్డ్‌గానే లెక్కకొస్తుంది. ఇదే సూత్రం మిగతా సైట్లకూ వర్తిస్తుంది. ఆసుపత్రి సైటులో ఫోన్ నంబరు నొక్కడం, దుకాణం సైటులో వాట్సాప్ బటన్ నొక్కడం, పంచాంగం సైటులో ఊరు పేరు మార్చుకోవడం, ఇవన్నీ ఆ పేజీ అసలు పనులు. ఆ పని ఏమిటో ముందుగా ఒక వాక్యంలో రాసుకుని, ఆ పని జరిగినప్పుడు సంకేతం వెళ్లేలా చూసుకున్న తర్వాతే బౌన్స్ రేటు గురించి మాట్లాడుకోవడం మంచిది. ఒక హెచ్చరిక: ఇందులో దొంగదారి చాలా సులువు. పేజీ తెరుచుకున్న రెండు సెకన్లకే ఒక కీ ఈవెంటు పంపేలా చేస్తే బౌన్స్ రేటు దాదాపు మాయమైపోతుంది, పాఠకుడి అనుభవంలో మాత్రం వెంట్రుకవాసి మార్పు కూడా ఉండదు.

అంకె మరీ బాగుంటే

బౌన్స్ రేటు ఒక్కసారిగా 3 శాతానికో 4 శాతానికో పడిపోతే సంతోషించే ముందు పేజీ కోడ్ చూడాలి. ఎక్కువ సందర్భాల్లో అనలిటిక్స్ ట్యాగ్ రెండుసార్లు పెట్టి ఉంటుంది: థీమ్‌లో ఒకటి, ప్లగిన్ ద్వారా మరొకటి. ఒక్క పేజీ తెరిస్తే రెండు పేజీలు చూసినట్టు నమోదవుతుంది, దాంతో ప్రతి సెషనూ ఎంగేజ్డ్ అయిపోతుంది. కొన్ని నిమిషాలకోసారి దానంతటదే రిఫ్రెష్ అయ్యే పేజీలతోనూ ఇదే చిక్కు. దీనికి సరిగ్గా తలకిందులుగా, మొత్తం సైటు ఒకే పేజీలో నడిచే ఆధునిక యాప్ తరహా సైట్లలో, పాఠకుడు లోపల ఎన్ని తెరలు మారినా ట్యాగ్‌కు తెలియకపోతే అదంతా ఒకే పేజీ కిందే లెక్క. యంత్రాలు చేసే సందర్శనల్లో తెలిసినవాటిని జీఏ4 వదిలేస్తుంది. తెలియనివి మాత్రం మన లెక్కలో చేరి అంకెను ఎటైనా లాగగలవు.

ఎవరు వచ్చారన్నదే సగం సమాధానం

సైటు మొత్తానికి కలిపి ఇచ్చే ఒక్క బౌన్స్ రేటు ఎంతగా తప్పుదారి పట్టించగలదో ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు ఊహించినవే, పద్ధతి నిజమైనది. మొదటి నెలలో సెర్చ్ నుంచి 8,000 సెషన్లు వచ్చాయి, వాటి బౌన్స్ రేటు 40 శాతం. సోషల్ మీడియా నుంచి 2,000 సెషన్లు, బౌన్స్ రేటు 80 శాతం. కలిపితే 10,000 లో 4,800 బౌన్స్‌లు, అంటే 48 శాతం. రెండో నెలలో పేజీలను బాగుచేశారు. సెర్చ్ సెషన్లు అవే 8,000, బౌన్స్ రేటు 36 శాతానికి దిగింది. సోషల్ మీడియాలో ఒక వ్యాసం బాగా తిరగడంతో అక్కడి సెషన్లు 8,000 అయ్యాయి, బౌన్స్ రేటు 75 శాతానికి దిగింది. రెండు చోట్లా మెరుగుదలే. కానీ మొత్తం కలిపితే 16,000 లో 8,880 బౌన్స్‌లు, అంటే 55.5 శాతం. పని బాగా చేసిన బృందానికి ఆ నెల చివర ‘బౌన్స్ రేటు ఏడున్నర పాయింట్లు ఎందుకు పెరిగింది’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. గణాంక శాస్త్రంలో సింప్సన్ వైరుధ్యం అనే పేరున్న ఈ చిక్కు వెబ్‌సైటు నివేదికల్లో రోజూ కనిపించేదే.

కాబట్టి చూడాల్సింది సైటు మొత్తం అంకెను కాదు. ల్యాండింగ్ పేజీ (సెషన్ మొదలైన పేజీ), వచ్చిన దారి, ఫోనా కంప్యూటరా అన్న మూడు కోణాల్లో విడదీసి చూడాలి. మన దగ్గర ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తెలుగు పాఠకుల్లో చాలామందికి లింకులు వాట్సాప్ గ్రూపుల ద్వారా చేరతాయి. అలా నొక్కి వచ్చినవారు ఎక్కడి నుంచి వచ్చారో తెలిపే సమాచారం తరచుగా వెంట రాదు కాబట్టి, నివేదికలో వాళ్లంతా ‘డైరెక్ట్’ అనే గుంపులో పడిపోతారు. సైటు చిరునామాను గుర్తుపెట్టుకుని రోజూ వచ్చే నమ్మకమైన పాఠకుడూ, బంధువు పంపిన లింకును ఆసక్తి లేకుండా నొక్కిన మనిషీ అక్కడ ఒకే వరుసలో నిలబడతారు. పేజీలోని వాట్సాప్ షేర్ బటన్ ద్వారా వెళ్లే లింకుకు యూటీఎం గుర్తులు (ఎక్కడి నుంచి వచ్చారో తెలిపేలా లింకు చివర చేర్చే మాటలు) జోడిస్తే ఈ కలగాపులగం కొంతవరకైనా విడిపోతుంది.

పేజీలో నిజంగా ఏది పాఠకుణ్ణి వెళ్లగొడుతుంది

లెక్క సరిగ్గా ఉందని తేలి, ఒకే తరహా పేజీల్లో కొన్నింటికి మాత్రమే, ఒకే దారిన వచ్చినవారిలోనే, బౌన్స్ రేటు మిగతావాటికంటే బాగా ఎక్కువగా ఉంటే, అక్కడ నిజమైన సమస్య ఉంది. అనుభవం మీద చెప్పగలిగేదేమిటంటే, వాటిలో అధికభాగం శీర్షిక ఇచ్చిన మాటను పేజీ నిలబెట్టుకోకపోవడం దగ్గరికే తేలతాయి.

ఆవకాయ కొలతల కోసం ఫోనులో వెతికిన మనిషిని ఉదాహరణగా తీసుకోండి. కారం, ఆవపిండి, ఉప్పు, నూనె ఎంతెంతో తెలుసుకోవాలి; మామిడికాయలు అప్పటికే ముక్కలు కొట్టించి ఇంటికి తెచ్చారు. ‘పక్కా కొలతలతో ఆవకాయ’ అన్న శీర్షిక నొక్కగానే తెర నిండా నోటిఫికేషన్ల అనుమతి అడిగే పెట్టె వచ్చింది. దాన్ని మూస్తే ఆవకాయ చరిత్ర మీద రెండు పేరాలు, ఆ పైన ప్రకటన లోడ్ అవుతూ వాక్యాలను కిందికి నెట్టేసింది, చదువుతున్న వరుస చేజారింది. కింద మూలన ఒక వీడియో దానంతటదే మొదలైంది. కొలతలు నాలుగు తెరల కింద ఉన్నాయి. రాసినాయన కొలతలు సరిగ్గానే రాశాడు, శీర్షిక అబద్ధం చెప్పలేదు. అయినా వంటింట్లో ఒంటి చేత్తో ఫోన్ పట్టుకున్న మనిషికి అక్కడిదాకా వెళ్లే ఓపిక లేదు. ఈ పేజీకి కావలసిన చికిత్స చాలా మామూలుది: కొలతల పట్టికను మొదటి తెర మీదికి తేవడం, చరిత్రను దాని కిందికి పంపడం, అనుమతి అడిగే పెట్టెను కనీసం మొదటిసారి వచ్చినవారికి చూపకపోవడం. ఫోనులో విషయాన్ని కప్పేసే ఇలాంటి పెట్టెలున్న పేజీలను సెర్చ్‌లో వెనక్కి నెట్టవచ్చని గూగుల్ 2016 లో ముందుగా ప్రకటించి, 2017 జనవరి 10 నుంచి అమలు చేసింది కూడా.

వాక్యాలు చదువుతుండగానే కిందికి జారిపోవడం ఎంత చికాకో అందరికీ తెలుసు. గూగుల్ దాన్ని సీఎల్ఎస్ అనే కొలతగా లెక్కిస్తుంది, అది 0.1 మించకూడదంటుంది. దానితోపాటు మరో రెండు హద్దులున్నాయి. తెర మీది అతిపెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కినప్పుడు పేజీ 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. ఈ చివరి కొలత 2024 మార్చిలోనే పాతదాని స్థానంలోకి వచ్చింది. ప్రతి నాలుగు సందర్శనల్లో మూడింటికి ఈ హద్దులు అందితే పేజీ బాగున్నట్టు లెక్క. ప్రకటనకూ బొమ్మకూ ఎంత ఎత్తు కావాలో ముందే చోటు కేటాయించి పెడితే జారుడు సమస్య సగానికి సగం తీరిపోతుంది.

తెలుగు సైట్లకు ఇక్కడ ఇంకొక సంగతి తోడవుతుంది. హల్లులూ గుణింతాలూ ఒత్తులూ కలిసి ఏర్పడే రూపాలు వందల్లో ఉంటాయి కాబట్టి, తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లిష్ అక్షరాలకు మాత్రమే పనికొచ్చే ఫాంటు ఫైలుకంటే బరువుగా ఉంటుంది. సైటు అందంగా ఉండాలని శీర్షికకు ఒక ఫాంటు, ఉపశీర్షికకు ఒకటి, వ్యాసానికి రెండు మందాల్లో మరొకటి పెడితే, నెమ్మది నెట్‌వర్కు మీద ఆ బరువంతా పాఠకుడే మోయాలి. ఫాంటు వచ్చేదాకా అక్షరాలు కనబడకుండా ఆపితే తెల్లటి తెర. ముందు ఫోనులో ఉన్న ఫాంటుతో చూపించి తర్వాత మారిస్తే, తెలుగులో ఒత్తుల కోసం వరుసల ఎత్తు ఫాంటును బట్టి బాగా మారుతుంది గనుక పేరాలన్నీ కదిలిపోతాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఫాంటు ముందుగానే ఉంటుంది. వ్యాసం ఒంటికి ఆ ఫాంటునే వాడి, శీర్షికకు మాత్రం సొంత ఫాంటును ఒకే మందంలో, వెబ్ కోసం కుదించిన వూఫ్2 రూపంలో పెట్టుకోవడం నా దృష్టిలో ఉత్తమమైన రాజీ. అక్షరాల సౌందర్యం మీద మమకారం నాకూ ఉంది. కానీ కనబడని అక్షరానికి సౌందర్యం ఉండదు.

వేగం గురించి ఒక చిత్రమైన నిజం

పేజీ నెమ్మదిగా వస్తే మనుషులు వెళ్లిపోతారన్నది కొత్త మాట కాదు. ఫోనులో పేజీ లోడ్ అయ్యే సమయం ఒక సెకను నుంచి మూడు సెకన్లకు పెరిగితే బౌన్స్ అయ్యే సంభావ్యత 32 శాతం, ఐదు సెకన్లకు పెరిగితే 90 శాతం ఎక్కువవుతుందని గూగుల్ 2017 లో ప్రకటించింది. ఈ అంకెలను పదేపదే ఉదహరిస్తారు గానీ, వీటి వెనుక ఉన్న ఒక మెలికను పట్టించుకోరు. అనలిటిక్స్ ట్యాగ్ కూడా పేజీలో భాగమే. అది లోడ్ కాకముందే విసిగి వెళ్లిపోయిన మనిషి బౌన్స్‌గా కూడా నమోదు కాడు. నివేదికకు సంబంధించినంతవరకు అతను అసలు రాలేదు. అంటే నెమ్మదితనం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయినవారే లెక్కలో కనబడరు. ఇక ట్యాగ్ ముందే వచ్చి, విషయం ఆలస్యంగా వచ్చే పేజీలో, ఖాళీ తెర ముందు 10 సెకన్లు ఎదురుచూసిన మనిషి ఎంగేజ్డ్ అయిపోతాడు.

దీనికి బాగా పేరుపడ్డ ఉదాహరణ యూట్యూబ్‌లో జరిగింది. అక్కడ ఇంజనీరుగా పనిచేసిన క్రిస్ జకరియాస్, 1.2 మెగాబైట్ల దాకా పెరిగిన వీడియో పేజీని ‘ఫెదర్’ అన్న ప్రాజెక్టు కింద 98 కిలోబైట్లకు కుదించారు. కొద్దిమందికి విడుదల చేసి చూస్తే, సగటు లోడ్ సమయం తగ్గాల్సింది పోయి పెరిగింది. ప్రాంతాలవారీగా విడదీసి చూశాక సంగతి అర్థమైంది: ఆగ్నేయాసియా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా వంటి చోట్ల అంతకుముందు ఆ పేజీని తెరవడమే సాధ్యంకాని వారు, అది తేలికయ్యాక మొదటిసారిగా రాగలిగారు. వాళ్ల నెట్‌వర్కుల మీద ఆ తేలికైన పేజీకే రెండు నిమిషాలు పట్టేది, పాతదానికైతే ఇరవై నిమిషాలు పట్టేది. 2012 లో ఆయన స్వయంగా రాసిన ఈ అనుభవం బౌన్స్ రేటుకూ అక్షరాలా వర్తిస్తుంది. పేజీని తేలిక చేసిన నెలలో సెషన్లు పెరిగి, బౌన్స్ రేటు కూడా కాస్త పెరిగితే, భయపడి పాత పేజీకి తిరిగి వెళ్లకండి. కొత్తగా వచ్చిన సెషన్లు ఏ ఊళ్ల నుంచి, ఏ ఫోన్ల నుంచి వచ్చాయో ముందు చూడండి.

సెర్చ్‌లో స్థానం పోతుందా

బౌన్స్ రేటు ఎక్కువైతే గూగుల్ సెర్చ్‌లో వెనక్కి పోతామన్న భయం చాలామందిది. పేజీలకు స్థానాలు నిర్ణయించడానికి అనలిటిక్స్‌లోని బౌన్స్ రేటును వాడబోమని గూగుల్ ఎన్నోసార్లు చెప్పింది. ఎన్నో సైట్లలో గూగుల్ అనలిటిక్స్ అసలు ఉండదు, ఉన్నచోట కూడా యజమాని దాన్ని తనకు నచ్చినట్టు అమర్చుకోగలడు. అలాంటి అంకె మీద ఎవరైనా స్థానాలు కేటాయిస్తారనుకోవడం కష్టం. అయితే దీనికి దగ్గరగా ఉండే ఇంకో విషయం ఉంది. అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన గుత్తాధిపత్య కేసు విచారణలో, 2023 అక్టోబరులో, సెర్చ్ విభాగం ఉపాధ్యక్షుడు పాండు నాయక్ నవ్‌బూస్ట్ అనే వ్యవస్థ గురించి సాక్ష్యమిచ్చారు. సెర్చ్ ఫలితాల మీద జనం చేసిన క్లిక్కుల సమాచారాన్ని అది వాడుకుంటుందని ఆ విచారణలో బయటపడింది. క్లిక్కులు గూగుల్ సొంత పేజీ మీద జరిగేవి, మన సైటులో బౌన్స్ రేటు వేరు. నేననుకోవడం, ఈ తేడా మనకు అనుకూలమైనదే: అంకెను కృత్రిమంగా తగ్గించి సాధించేదేమీ లేదు, సెర్చ్ చేసిన మనిషికి మళ్లీ అదే ప్రశ్న వెతకాల్సిన అవసరం లేకుండా చేస్తే ప్రయోజనం ఉంటుంది.

మార్పు చేశాక

ఒక పేజీని సరిచేశాక ఫలితాన్ని చూడటంలోనే ఎక్కువమంది తొందరపడతారు. వారానికి 40 సెషన్లు వచ్చే పేజీలో బౌన్స్ రేటు 50 శాతం నుంచి 40 శాతానికి దిగిందంటే, అక్కడ మారింది నలుగురు మనుషులు. 40 సెషన్ల మీద కొలిచిన 50 శాతానికి కేవలం యాదృచ్ఛికత వల్లే అటూ ఇటూ 15 పాయింట్ల తేడా ఉండవచ్చు. 1,000 సెషన్లుంటే ఆ తేడా 3 పాయింట్లకు తగ్గుతుంది, 4,000 ఉంటే ఒకటిన్నరకు. కాబట్టి ఎక్కువ మంది వచ్చే పేజీలతో మొదలుపెట్టి, ఒకసారి ఒక మార్పే చేసి, మార్చిన తేదీని రాసి పెట్టుకుని, పోలికను అదే దారిన, అదే రకం ఫోను మీద వచ్చినవారి మధ్యే చేయాలి. పండుగల వారాన్నీ పరీక్షల వారాన్నీ మామూలు వారంతో పోల్చకూడదు. బౌన్స్ రేటు పక్కన కనీసం ఇంకొక అంకె ఉండాలి. ఫోను బటన్ నొక్కినవారి సంఖ్యో, వ్యాసం చివరిదాకా స్క్రోల్ చేసినవారి సంఖ్యో, నెలలో తిరిగి వచ్చినవారి సంఖ్యో. బౌన్స్ రేటు తగ్గి అది కూడా తగ్గితే, మార్పు వల్ల మేలు జరగలేదు.

పేజీకి అన్ని సెషన్లు రాని చిన్న సైట్లు శాతాల వెంట పడకపోవడమే నయం. వాటికి రెండు మంచి దారులున్నాయి. ఒకటి, సైటు గురించి ఏమీ తెలియని నలుగురైదుగురికి పాత ఆండ్రాయిడ్ ఫోను ఇచ్చి, వైఫై ఆపి, ఫలానాది వెతకమని చెప్పి, పక్కన కూర్చుని మాట్లాడకుండా చూడటం. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లబోయిందో కంటికే కనబడుతుంది. రెండోది గూగుల్ సెర్చ్ కన్సోల్. ఏయే మాటలు వెతికితే ఆ పేజీ కనబడుతోందో అందులో వరుసగా ఉంటాయి. ‘కిలో ఆవకాయకు ఉప్పు ఎంత’ అని అడిగి వచ్చినవారు ఎక్కువగా ఉన్నారని అక్కడ కనబడితే, పేజీ మొదటి పేరాను ఆ ప్రశ్నకు జవాబుతో తిరగరాయడానికి ఏ శాతం కోసమూ ఆగనక్కర్లేదు.